అన్నయ్య వంచిన తల

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. బందరులో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు సైన్సు చెప్పాను. పామర్రు దగ్గర మా ఊళ్ళో మిషన్ బడి పంతులుగా చేసిన మా నాన్న కూడా అలాంటి మాటలు వింటే నవ్వేసేవారు. కాబట్టి దీనికి ఏ పేరూ పెట్టను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా అన్నయ్య దేవదానం మద్రాసు వెళ్ళి శిల్పం నేర్చుకున్నాడు. మా పేట నుంచి అలాంటి చదువుకి వెళ్ళినవాడు అంతకుముందు లేడు. తీరా తిరిగొచ్చాక పని లేక, బందరులో సినిమా హాలుకి బోర్డులు రాసేవాడు. నాకు అప్పటికి పెళ్ళి కాలేదు. ఇద్దరం ఇంగ్లీషుపాలెంలో ఒక చిన్న ఇంట్లో అద్దెకుండేవాళ్ళం.

అరవైల మొదట్లో బందరులోనే ఒక కాలేజీవాళ్ళు కొత్త లైబ్రరీ ముందు విగ్రహం పెట్టాలనుకున్నారు. నాయకుడిది కాదు, వరిచేలో ఊడ్పులు ఊడ్చే, అంటే నాట్లు వేసే ఆడమనిషిది. ప్రిన్సిపాల్ గారి ఆలోచన అది. అన్నయ్య మూరెడు ఎత్తున నమూనా చేసి చూపించాడు. చంకలో నారుకట్ట, మోకాళ్ళ పైకి దోపిన చీర, తల వంచుకుని నిలబడ్డ మనిషి. కమిటీవాళ్ళకి నచ్చింది. ఆ తల వంపు మరీ నచ్చిందని వాళ్ళలో ఒక పెద్దాయన అన్నారు.

కాలేజీ వెనక ఖాళీగా ఉన్న సైకిల్ షెడ్డుకి తలుపు పెట్టించి అన్నయ్యకిచ్చారు. పెద్ద విగ్రహానికి లోపల ఇనప చువ్వలు కావాలి. మెడలోకి వెళ్ళే చువ్వని కొలిమి దగ్గర కమ్మరి వీరాచారి గారు ఎర్రగా కాల్చి, అన్నయ్య గీసిచ్చిన గీత ప్రకారం ముందుకి వంచారు. నేను పక్కనే ఉన్నాను. ఆ చువ్వల మీద బందరు కాలువ బంకమట్టి పెట్టి అన్నయ్య బొమ్మ మొదలుపెట్టాడు.

మట్టి ఎండకుండా తడి గోనెపట్టాలు కప్పడం నా పని. పొద్దున స్కూలుకి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. తాళం ఒకటే, తాళంచెవి ఒకటే, అది నా దగ్గరుండేది.

బొమ్మ పూర్తి కావస్తుండగా ఒక పొద్దున పట్టా తీసి అన్నయ్య నా వైపు తిరిగాడు.

“గడ్డం నువ్వేమైనా కదిపావా అమ్మాయ్?”

లేదన్నాను. తల బొటనవేలి మందాన పైకి లేచి ఉంది. అన్నయ్య మళ్ళీ మట్టి సర్ది కిందికి దించాడు. మర్నాడు మళ్ళీ లేచింది. మూడోనాడు అన్నయ్య నామీద కేకలేశాడు. ఆ పని చేజారితే అతను జన్మంతా బోర్డులు రాసుకోవాల్సిందే, ఆ భయం అతనిది. నాకు ఏడుపొచ్చింది. బైబిలు మీద చెయ్యేసి చెప్పాను, నేను ముట్టుకోలేదని. ఆ తర్వాత అన్నయ్య నన్ను మరి అడగలేదు.

అప్పుడు కొలతలు మొదలుపెట్టాం. తాపీ మేస్త్రీలు వాడే గుండుదారం నుదుటి దగ్గర నుంచి వేలాడదీసి, గడ్డానికీ దారానికీ మధ్య ఎంత దూరమో పుస్తకంలో రాసేదాన్ని. తడిమట్టి తన బరువుకి కిందికి జారుతుంది. పైకి లేవదు. ఒకవేళ ఎవరో బలవంతాన ఎత్తారనుకున్నా, గొంతు దగ్గర మట్టి పగలాలి, మెడ వెనక ముడతలు పడాలి. రెండూ లేవు. గొంతు మీద అన్నయ్య వేలిముద్రలు ఎలా నొక్కినవి అలాగే ఉన్నాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళాం. అన్నయ్య తల దించాడు, నేను కొలిచాను. తలుపు మూసి, గుమ్మంలో ఆ తలుపుకే వీపులానించి క్యారియరు విప్పుకుని ఇద్దరం అన్నం తిన్నాం. మిట్టమధ్యాహ్నం. ఆ షెడ్డుకి కిటికీ లేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి గడ్డం దారాన్ని దాటి ఉంది. అన్నయ్య అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. నాకు భయం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే అమ్మ ఊరి నుంచి వచ్చింది. నాన్న జీతం చాలక, మేము చదువుకున్నన్నాళ్ళూ అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళింది. ఆమెకి మేమేమీ చెప్పలేదు. అన్నయ్య ఆ పొద్దున కూడా తల దించే ఉంచాడు. అమ్మ విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, ముందుకొచ్చి నిలబడింది.

“ఈమె గట్టు మీద నిలబడిందా, చేలో వంగుందా?”

“గట్టు మీదేనమ్మా.”

“మరి తలెందుకు వంచింది నాయనా? చేలో ఉన్నంతసేపూ వంగే ఉంటాం. గట్టెక్కాక ముందు మెడేగా ఎత్తేది!” అని తన నడుం మీద చేతులేసి మెడ ఎత్తి చూపించింది.

సాయంత్రం నేను తాళం తీసేసరికి విగ్రహం మెడ సరిగ్గా అలాగే ఉంది. అన్నయ్య మరి దించలేదు. కళ్ళు మాత్రం కొత్తగా దిద్దాడు, దూరానికి చూస్తున్నట్టు.

కమిటీవాళ్ళు చూడ్డానికొచ్చినప్పుడు ఆ పెద్దాయన మొహం మారిపోయింది.

“నమూనాలో తల వంచుకుని ఉంది కదండీ. పాటుపడే మనిషికి ఆ అణకువే అందం.”

అన్నయ్య విగ్రహం పక్కకొచ్చి నిలబడ్డాడు. “పని ముగించి గట్టెక్కిన మనిషండీ. తల వంచుకోదు. వంచమంటే నేను చెయ్యలేను, వేరేవాళ్ళని చూసుకోండి.”

ఆ మాటతో పని పోయిందనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు విగ్రహాన్నే చూస్తూ, “ఇలాగే పోత పొయ్యండి” అన్నారు.

పోతకి ముందు బొమ్మ మీద ప్లాస్టరుతో అచ్చు తీసి, లోపలి మట్టి తవ్వేస్తారు. మెడ దగ్గర మట్టి తీసేసరికి చువ్వ బయటపడింది. తిన్నగా ఉంది. కబురు పెడితే వీరాచారి గారొచ్చి వేలితో తడిమి చూశారు.

“చువ్వ నాదేనండీ, ఇదిగో నా సుత్తి దెబ్బ. కాల్చకుండా దీన్నింత తిన్నగా చెయ్యడం నావల్ల కాదు. ఎవరు చేశారండీ?”

అన్నయ్య మిగతా మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

విగ్రహాన్ని సిమెంటుతో పోత పోసి, లైబ్రరీ ముందు నిలబెట్టారు. ఆవిష్కరణ రోజున లోపలి హాల్లో అన్నయ్య బొమ్మలతో ప్రదర్శన కూడా పెట్టారు. ప్రిన్సిపాల్ గారు అమ్మనీ నాన్ననీ ముందువరసలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. నాన్న ఆ రోజు కోటు వేసుకున్నారు. పక్కనున్న చేలల్లో పని ముగించుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు కాళ్ళకి బురదతోనే వచ్చి గేటు దగ్గర ఆగిపోతే, అన్నయ్య ఎదురెళ్ళి “రండమ్మా” అని తీసుకొచ్చాడు. వాళ్ళలో ఒకావిడ విగ్రహం మొహంలోకి చూసి, “మన మనిషేనే” అంది పక్కావిడతో. అన్నయ్యకి ఆ తర్వాత ఎన్నో సన్మానాలు జరిగాయి. ఏదీ ఆ మాటకి సరితూగలేదని అతనే అనేవాడు.

చువ్వ సంగతి ఒక్కటే చెప్పి అడిగితే, ఫిజిక్సు లెక్చరరు ఒకాయన, ఇనుము మళ్ళీ పాత ఆకారానికి వస్తుందన్నారు. కాల్చి వంచిన ఇనుము రాదు, నేనూ పిల్లలకి అదే చెప్పేదాన్ని. సిమెంటు విగ్రహాన్ని చాలా ఏళ్ళు గుండుదారంతో కొలిచాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆ మెడ అంత సహజంగా ఎలా వచ్చిందండీ అని ఎవరడిగినా, “అది నేను చేసింది కాదండీ” అనేవాడు అన్నయ్య. ఎంత వినయమో అనుకునేవారు. అన్నయ్య పోయాడు. అది వినయం కాదని తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే.