చెల్లె బండికి పట్టిన తుప్పు

మా చెల్లె కొత్త కారుకు తుప్పు పట్టిందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం, నా సొంత కారు కొన్న రోజు కూడా కలగలేదు. ఉన్న మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నాది సూర్యాపేటలో చిన్న బట్టల దుకాణం. నా కారు నా దగ్గరికి వచ్చేసరికే చేతులు మారి మారి అలిసిపోయింది. వెనక సీటు నిండా ఎప్పుడూ చీరల మూటలే. చెల్లె ఉండేది మిర్యాలగూడలో. దాని తెల్ల కారు షోరూం నుంచి పూలదండ వేసుకుని మరీ వచ్చింది. ఆ దండ ఫొటోను మా నాయన తన ఫోనులో పెట్టుకుని, నడిగూడెంలో ఎరువుల దుకాణం ముందు కూర్చునే వాళ్ళందరికీ చూపించాడు. నేను కారు కొన్నప్పుడు ఆయన అడిగింది ఒకటే మాట.

"మైలేజీ ఎంతిస్తది బిడ్డా?"

ఆయనకు మేమిద్దరమే ఆడపిల్లలం. అమ్మ పోయినప్పుడు చెల్లె చిన్నది. అప్పటి నుంచి దానికి చిన్న దెబ్బ తగిలినా ఊరంతా ఏకం చేస్తాడు. నేను కూడా తల్లిలేని పిల్లనే అన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ ఆదివారం దుకాణం మూసి, కోదాడలో ఆగి నాయనకు ఇష్టమని వేడి మిర్చీ బజ్జీలు కట్టించుకుని నడిగూడెం చేరాను. వారంగా వదలని ముసురు. చెల్లె పిల్లలను భర్త దగ్గర వదిలి అప్పటికే అక్కడ మకాం పెట్టింది. అది వచ్చిన రోజు నుంచి దాని కారు వాకిట్లో కదలకుండా తడుస్తోంది. నేను ఇంకా దిగకముందే చెల్లె ఎదురొచ్చింది.

"అక్కా, జర ఇటు రా. సూడు, కొత్త బండికి గిట్ల తుప్పు పట్టింది!"

వంగి చూశాను. దాని చక్రాలు షోకు చక్రాలు కదా, ఊచల సందుల్లోంచి లోపలి బ్రేకు డిస్కు కనబడుతుంది. పళ్ళెమంత ఇనుప బిళ్ళ, దాని మీద పసుపూ ఎరుపూ కలిసిన పొడి తుప్పు. నా కారు చక్రాలకు ప్లాస్టిక్ మూతలున్నాయి, లోపల ఏముందో ఎవరూ తొంగిచూడరు. నా కడుపు చల్లబడింది. అయినా తెలిసిన మాట దాచుకోలేదు.

"వానల నిలబెడితే ఎవరి బండికైనా అట్లనే అయితది. రోడ్డెక్కి నాలుగుసార్లు బ్రేకు కొడితే అదే పోతది."

"నీ పాత బండికి పోతదేమో. ఇది కొత్తది అక్కా," అంది.

అరుగు మీద కూర్చున్న నాయన ఇదంతా విన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

అన్నం తింటున్నప్పుడు చెల్లె అసలు సంగతి బయటపెట్టింది. సాయంత్రం నాయన దానితో మిర్యాలగూడ పోతాడట, కొన్నాళ్ళు అక్కడే ఉంటాడట. నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎండాకాలం నుంచీ సూర్యాపేట రమ్మని నేను బతిమాలుతున్నాను. నాట్లు కానీయమన్నాడు, తర్వాత మందు చల్లనీయమన్నాడు.

"మరి పొలం ఎట్ల నాయనా?" అన్నాను.

"ఇప్పుడేం పని లేదు బిడ్డా," అన్నాడు నా వైపు చూడకుండా.

కోపంతో పెరట్లోకి పోయి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను. తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి నాయన నెత్తిన గోనెసంచి కప్పుకుని, బురదలో, చెల్లె కారు చక్రం ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. పక్కన ట్రాక్టరు నుంచి తీసిన మడ్డి ఆయిలు డబ్బా. దున్నకాలు అయ్యాక కల్టివేటర్ పళ్ళకు తుప్పు పట్టకుండా ఆ ఆయిలు పూసి షెడ్డులో పెట్టడం మా ఇళ్ళలో అలవాటు. ఆయన పుల్లకు గుడ్డ చుట్టి, ఒక్కో చక్రానికీ ఊచల సందుల్లోంచి డిస్కుకు ఆయిలు పూస్తున్నాడు.

నాకు ముందు వచ్చిన ఆలోచన చెప్తాను. నా కారు పక్కన ఈ మనిషి ఒక్కసారైనా ఇట్లా కూర్చున్నాడా అని. ఒళ్ళంతా మండింది. బ్రేకు సంగతి ఆ తర్వాతే తట్టింది. ఆ డిస్కును బ్రేకు ప్యాడ్లు రెండు వైపులా బిగబట్టుకుంటేనే చక్రం ఆగేది. దానికి ఆయిలు పూస్తే ఇక పట్టేదేముంది?

"ఏం పని నాయనా ఇది! ఈ బండి ఇయ్యాల కదలొద్దు. బ్రేకులు పడవు!"

"తుప్పంతా ఎట్ల పోయిందో సూడు," అన్నాడు ఆయన ముఖం వెలిగిపోతుండగా.

చెల్లె బ్యాగుతో బయటకు వచ్చింది. దానికీ చెప్పాను. హుజూర్‌నగర్ రోడ్డు మీద లారీలు ఎట్లా తిరుగుతాయో చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసింది.

"నాయన నాతోని వస్తుండని నీ బాధ. బండి కొన్నకాడికెల్లి సూస్తనే ఉన్న, నీ కండ్లు దాని మీదనే."

నిజమే, కాదనలేను. కానీ నేను చెప్పింది కూడా నిజమే. నాయన ముందు సీట్లో ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. నేను పరుగెత్తి నా కారును గేటుకు అడ్డంగా పెట్టి, దిగి దాని ముందు నిలబడ్డాను.

చెల్లె హారను మోగించింది. నేను కదల్లేదు. రోషంతో బండిని విసురుగా నా మీదికి పోనిచ్చింది, బెత్తెడు దూరంలో ఆపి బెదిరిద్దామనుకుందేమో. అద్దంలోంచి దాని ముఖం మారిపోవడం చూశాను. బండి ఆగలేదు. నేను పక్కకు దూకాను. కారు వచ్చి నా కారు డోరును గుద్ది ఆగింది.

నేను బురదలో పడి లేచాను. నాయన దిగి, అటువైపు తిరిగి వెళ్ళి, చెల్లెను దింపి పట్టుకున్నాడు.

"గట్టిగనే తొక్కిన నాయనా, గట్టిగనే తొక్కిన," అని అది వెక్కుతోంది.

నాయన తన చేతులకంటిన ఆయిలు చూసుకున్నాడు. ముందే చెప్పానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

కోదాడ మెకానిక్‌కు ఫోన్ చేశాను. "బండిని అస్సలు కదిలించకండి మేడం. పొద్దున మనిషిని పంపిస్తాను, ప్యాడ్లు కూడా మార్చాలి," అన్నాడు.

మర్నాడు పిల్లలను బడికి పంపాలి, చెల్లెకు ఇంటికి పోక తప్పదు. నేను దింపుతానన్నాను. మూటలన్నీ డిక్కీలో సర్ది, ముందు సీటు కొంగుతో తుడిచి నాయన కోసం తలుపు తీసి నిలబడ్డాను. ఆయన వెనక తలుపు తీసుకుని చెల్లె పక్కన కూర్చున్నాడు.

హుజూర్‌నగర్ దాటాం. పక్క సీటు ఖాళీగా ఉంది. అద్దంలో చూస్తే చెల్లె తల ఆయన భుజం మీద ఉంది, ఆయన చెయ్యి దాని నెత్తి నిమురుతోంది.

"జర మెల్లగ పోనియ్యి బిడ్డా. అది మస్తు భయపడ్డది," అన్నాడు.

"నాక్కూడా భయమైంది నాయనా," అన్నాను.

అద్దంలో ఆయన నన్ను చూశాడు. చెల్లె నిద్రపోతోందని, మాట్లాడొద్దని వేలు పెదాల మీద పెట్టి సైగ చేశాడు.