పెదవెత్తి చూసే మా తోటికోడలు

దగ్గరగా జరిగి కూర్చోండి, మా పెద్ద తోటికోడలి సంగతి చెబుతాను. కుక్కపిల్ల కనబడితే ఆవిడ ముందు ముద్దు చేయదు, పెదవెత్తి చిగుళ్లు చూస్తుంది.

ఒకసారి మా వాకిట్లో కుక్క ఈనిన పిల్లల్లో ఒక్కటే మిగిలింది. అదీ లేవలేక మూలబడింది, నల్లగా జిగటగా విరేచనాలు. "సోడంబలి తాగినాది గదేటి, నల్లగానే పోతాది" అని రాగి అంబలి మీదికి నెట్టేసింది మా అత్త.

తోటికోడలు దాని పెదవెత్తింది. చిగుళ్లు సున్నంలా ఉన్నాయి. "అంబలికి ఇవెందుకు తెల్లబడతాయత్తా?" అంటూ పిల్లను చెంగులో చుట్టుకుని ఆమదాలవలస పశువుల ఆసుపత్రికి పోయింది.

కొంకిపురుగులు కడుపులో రక్తం తాగేస్తున్నాయన్నాడు డాక్టరు. తల్లికీ పిల్లకీ పురుగుల మందు, పిల్లకు రక్తం పట్టే టానిక్కు ఇచ్చాడు. బతుకుతుందని మాత్రం అనలేదు.

"కుక్కకి ఇంత సేవేటే?" అని అత్త ఎగతాళి చేసింది.

ఆకూవక్కా లేనిదే పొద్దుగడవని మా తోటికోడలు, ఆకుల పెట్టె మూసేసింది. "దీని సిగుళ్లు ఎర్రబడేదాకా నా నోరూ ఎర్రబడదు."

పూటపూటా మందు పోసింది, పొడిగోనె మార్చింది, పెదవెత్తి చూసింది. ఒక పొద్దున చిగుళ్లు గులాబీరంగు తిరిగాయి. అత్తే ఆకు చుట్టి అందించింది. "నములే, పంతగత్తె!"

కథ విన్న మీ ఇంటిల్లిపాది నోళ్లూ అలాగే ఎర్రగా పండాలి, తల్లులారా.