సువార్త ఎప్పుడూ “తినేసేనండి” అనేది

నిన్న పొద్దున్న వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి “అక్క పోయిందండి” అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. వాడికున్నది ఒక్కతే అక్క. అయినా అడిగాను.

సువార్త. రాజోలు సువార్త. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేసినన్నాళ్ళూ నా రూమ్మేట్. నా ఈడుదే.

అప్పట్నుంచీ ఫోన్ నిండా కొవ్వొత్తులు, దణ్ణాలు. అందరూ ఒకటే మాట రాస్తున్నారు. “ఎంత మంచి పిల్లో, నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు.”

ఆ మాట చూస్తే ఒళ్ళు మండిపోతోంది. అందుకే ఈ పోస్ట్.

మనవైపు సంగతి మీకు తెలుసు. ఎవరింటికైనా వెళ్తే, భోంచేయమనగానే “ఇప్పుడే తిన్నామండి” అనాలి. వాళ్ళు మళ్ళీ అడగాలి. మనం మళ్ళీ వద్దనాలి. చివరికి చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే అప్పుడు తినాలి. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే. మొదటిసారే తింటానంటే ఆబ అంటారు.

సువార్త ఈ మర్యాదంతా మూట కట్టుకుని విమానం ఎక్కింది.

వెళ్ళిన కొత్త. మా ఇంటి ఓనరు ఒక ముసలావిడ. ఆదివారం చికెన్, బంగాళాదుంపలు కాల్చి, ప్లేటు పట్టుకొచ్చి తింటావా అని అడిగింది. మా పిల్ల చక్కగా నవ్వి “నో థాంక్యూ అండీ, ఐ ఏట్” అంది. అవును, ఇంగ్లీషులో కూడా అండీనే.

ఆవిడ “ఓకే డియర్” అని ప్లేటు తీసుకుని వెళ్ళిపోయింది.

సువార్త ఆ ప్లేటు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. “ఇంకోసారి అడుగుతారనుకున్నానే” అంది.

ఆ పూట బ్రెడ్డులో ఆవకాయ పెట్టుకుని తిన్నాం. నవ్వలేక చచ్చాం. “ఇక్కడ ఒక్కసారే అడుగుతారే పిచ్చిదానా, వెంటనే యెస్ ప్లీజ్ అనెయ్” అన్నాను.

“ఛీ, తిండికి మొహం వాచినట్టు ఎలా అంటావే” అంది.

తను మాత్రం ఎవరు తిన్నామన్నా నమ్మేది కాదు. మా రూముకి ఎవరొచ్చినా ముందు కంచం, తర్వాతే కబుర్లు. మామిడికాయ దొరక్కపోతే పుల్లటి పచ్చ ఆపిల్ కోసి పప్పులో వేసేది. ఒకసారి ఎండు రొయ్యలు వేయిస్తే ఫైర్ అలారం మోగి ఇంటిల్లిపాదీ వీధిలో పడ్డాం. చలిలో వణుకుతూ కూడా పక్కరూము అమ్మాయిని అన్నం తిన్నావా అని అడుగుతోంది మహాతల్లి.

కొబ్బరి పొడి ప్యాకెట్ కొన్నప్పుడల్లా మాత్రం చిన్నబుచ్చుకునేది. “మా దొడ్లో రాలిపడితే ఏరే దిక్కు లేదు, ఇక్కడ కొనుక్కుంటున్నా చూడు” అనేది.

ఇప్పుడు అసలు కోపం.

సాయంత్రాలు తను ఒక ఇండియన్ రెస్టారెంటులో గిన్నెలు తోమేది. ఓనరు మనవాడే. మన గోదావరివాడే. రాత్రి హోటల్ కట్టేసేముందు స్టాఫ్‌కి భోజనం. “తిన్నావా అమ్మా?” అని ఒకే ఒక్కసారి అడిగేవాడు.

“ఆయ్, తినేసేనండి” అనేది ఇది.

అంతే. మిగిలిన కూరలు డబ్బాల్లోకి, డబ్బాలు ఫ్రిజ్జులోకి. ఒంటి నిండా బిర్యానీ వాసనతో, ఖాళీ కడుపుతో ఇంటికొచ్చేది. నేను వెళ్ళి దెబ్బలాడతానంటే చేతులు పట్టుకుంది. “వద్దే, పెద్దాయన, ఏవనుకుంటారో” అంది.

ముసలావిడకి తెలీదు, వదిలేద్దాం. అయ్యా ఓనరుగారూ, మీకు తెలుసు కదా! ఆ “తినేసేనండి”కి అర్థం ఏంటో మీ అమ్మగారు నేర్పే ఉంటారు కదా! రెండోసారి అడిగితే పెట్టాల్సొస్తుందనే కదా అడగలేదు?

నిన్న మీరే “మా ఇంటి ఆడపిల్లని కోల్పోయాం” అని పోస్ట్ పెట్టారు. తీసేయండి. మర్యాదగా చెబుతున్నాను.

చదువయ్యాక సువార్త వచ్చేసి అమలాపురంలో లెక్చరర్‌గా చేరింది. పోయిన వారం పి.గన్నవరంలో వాళ్ళ పిన్నిగారమ్మాయి ఎంగేజ్‌మెంట్. అంతకు ముందు నుంచే దీనికి కడుపులో నొప్పి. వంగి నడుస్తోందట. పిన్నిగారు చూసి అడిగారట.

“ఏవమ్మా, అలా ఉన్నావేంటి? డాక్టరు దగ్గరికెళ్దావా?”

“ఏం లేదండి, గ్యాసండి. మీరు పనులు చూసుకోండి.”

శుభకార్యం జరిగే ఇంట్లో తన వల్ల హడావుడి ఎందుకని. పంటి బిగువున ఓర్చుకుని ఫొటోలకి కూడా నిలబడింది. ఆ ఫొటో చూశాను. నవ్వుతోంది.

అపెండిక్స్ లోపలే పగిలిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి విషం ఒళ్ళంతా పాకేసింది. ఆపరేషన్ చేశారు. దక్కలేదు.

ఇదా మంచితనం? ఆడపిల్ల నోరు విప్పకపోతే మెచ్చుకున్నాం. ఆకలి చెప్పకపోతే మెచ్చుకున్నాం. మెచ్చుకుని మెచ్చుకుని ప్రాణం తీశాం. ఇప్పుడు కూడా మెచ్చుకుంటున్నాం, సిగ్గు లేకుండా. ఇంకెవరైనా నా పోస్ట్ కింద ఆ కామెంట్ పెడితే బ్లాక్ చేస్తాను. చుట్టాలైనా సరే.

నిన్న రాజోలు వెళ్ళాను. చర్చివాళ్ళు పాటలు పాడుతున్నారు. తను పెట్టెలో ఉంది. అంత ఏడుపులో కూడా వాళ్ళమ్మగారు నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు.

“కొత్తపేట నుంచి ఎప్పుడు బయల్దేరేవమ్మా? ఏవైనా తిన్నావా?”

ఆ అబద్ధం నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“లేదండి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆకలేస్తోందండి” అన్నాను. గట్టిగానే అన్నాను.

జనం తలలు తిప్పి చూశారు. శవం దగ్గర ఇదేం తిండిగోల అని ఒకావిడ గొణిగింది. వాళ్ళమ్మగారు మాత్రం నా చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళి, పక్కింటివాళ్ళు పంపిన చారన్నం కంచంలో పెట్టారు. తినేదాకా ఎదురుగా కూర్చున్నారు.

సగంలో ఉండగా అడిగారు. “నొప్పి అని ఇలా గట్టిగా చెప్పుంటే నా పిల్ల బతికేదేమోనమ్మా?”

“ఆయ్” అన్నాను.

సువార్తా, నీ మీద కూడా కోపంగానే ఉంది. అది నేను చూసుకుంటాలే.

నువ్వు హాయిగా నిద్రపో. ఏ నొప్పీ లేకుండా.