రెండో ఆమెన్

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం భోజనానికి కూర్చున్నాం. రాగిసంగటి, కోడికూర. మా ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు ప్రార్థన చేయాలి, మిగతావాళ్లం ఆమెన్ అనాలి, ఆ తర్వాతే ముద్ద ముట్టుకోవాలి. మా తాతల కాలం నుంచి ఇదే పద్ధతి. ఆరో తరగతి చదువుతున్న మా పాప కెజియా ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాం. నేను సంగటి తుంచబోయాను.

"ఆగు నాయనా. జేజి ఆమెన్ సరిగ్గా చెప్పలా. మళ్లీ చేస్తా," అంది.

జేజి అంటే మా అమ్మ. పళ్లు ఊడిన నోరు, ఆమెన్ అంటే గాలే ఎక్కువ వస్తుంది. అందరం నవ్వాం. పాప మళ్లీ చేసింది. ఈసారి తనే ఏదో మాట తప్పు పలికానని మొదటికి వచ్చింది. సంగటి చల్లారి గట్టిపడిపోయినా ఆ ప్రార్థన తెమలలేదు. కళ్లు తెరిచి చూస్తే బిడ్డ చెంపల మీద నీళ్లు. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

నేను బస్సు కండక్టర్‌ని. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయి రావడం నా పని. ముందర బోర్డు మీద అంతంత అక్షరాలున్నా ఎక్కే ప్రతి మనిషీ "పులివెందుల పోతాదా అప్పా?" అని అడగాల్సిందే. పోతాది అంటాను. వెనకున్న ఆయన అదే అడుగుతాడు. ఆయనకూ చెబుతాను. విసుక్కునేవాడు ఈ ఉద్యోగం చేయలేడు. ఈ ఓపికే ఇంట్లో మా కొంప ముంచుతుందని నాకేం తెలుసు?

కెజియా రోజూ పొద్దున గేటు దగ్గర నన్ను ఆపడం మొదలుపెట్టింది.

"నాయనా, బస్సు బోల్తా పడదు కదా?"

"పడదు మా."

"నిజంగా?"

"నిజంగా."

తర్వాత నా చెయ్యి పట్టుకుని ప్రార్థన. ఒక్క మాట తడబడితే మళ్లీ మొదటి నుంచి. నేను భుజాన సంచి వేసుకుని అడిగినన్నిసార్లు ఆమెన్ చెప్పేవాణ్ణి. చెబితే బిడ్డ మొహం తేటపడేది. ఇంకో రెండు నిమిషాలకే మళ్లీ ముడుచుకునేది. డ్యూటీకి ఆలస్యమై పైవాళ్ల చేత చీవాట్లు తిన్నాను. వాటికేం గానీ, పాపకు స్కూలుకు పోవడమే గగనమైపోయింది.

మా అమ్మ మాత్రం పొంగిపోయింది. "నా మనవరాలు మోకాళ్ల మీంచి లెయ్యదు. నాకన్నా మేలు," అని చర్చిలో చెప్పుకునేది. అక్కడి ఆడవాళ్లు పాపను ముందుకు పిలిచి ప్రార్థన చేయమన్నారు. మొదలుపెట్టిన బిడ్డ ముగించలేకపోయింది. ఒకే వాక్యం దగ్గర చిక్కుకుని, చెమటలు పట్టి, వణుకుతుంటే నా భార్య సుగుణ వెళ్లి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

తర్వాత స్కూల్ నుంచి ఫోన్. "మీ పాప రాసిందే రాస్తాంది, చెరిపిందే చెరుపుతాంది. పేపరు చిరిగిపోతాంది. ఇంట్లో ఏమన్నా భయపెట్టినారా?" అని టీచర్ అడిగింది. ఆ సాయంత్రం సుగుణ పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని మెల్లగా అడిగింది. అప్పుడు చెప్పింది కెజియా.

"నాయన బస్సు బోల్తా పడినట్ల తలకాయలో వస్తాదిమా. వద్దన్నా వస్తాది. ప్రార్థన తప్పు పోతే నిజంగా పడిపోతాదని భయం. నాయన చచ్చిపోతే నా వల్లనే కదా?"

తలుపు పక్కన నిలబడి విన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. పదకొండేళ్ల పిల్ల రోజూ నా బస్సును తన నెత్తిన మోస్తోంది.

జమ్మలమడుగులో ఒక డాక్టర్ రక్త పరీక్ష, థైరాయిడ్ చేయించి "అన్నీ నార్మల్" అని బలానికి టానిక్ రాశాడు. చుట్టాల్లో ఒకాయన గాలి సోకిందన్నాడు. ఇంకొకామె ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన చేయమంది. దానికోసమే పాస్టర్ అయ్యగారి దగ్గరికి పోతే ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఈ బిడ్డకు ప్రార్థన చాలక కాదప్పా ఈ తిప్పలు. ఇది జబ్బు. ప్రొద్దుటూరులో మనసు డాక్టరు ఉండాది, ముందు ఆడికి పోండి. నా ప్రార్థన యాడికీ పోదు, వెనకాలే ఉంటాది."

ప్రొద్దుటూరులో సైకియాట్రిస్ట్ మేడం పాపతో విడిగా మాట్లాడి, తర్వాత మమ్మల్ని పిలిచింది. "ఓసీడీ అంటారు. అక్కర్లేని ఆలోచన వస్తుంది, అది అబ్సెషన్. ఆ భయం తగ్గడానికి చేసిన పనే చేయడం కంపల్షన్. పిల్లల్లో చాలామందికి వస్తుంది, తగ్గుతుంది. మీ పెంపకం తప్పు కాదు," అంది. ఆ చివరి మాటకు సుగుణ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పాప అడిగితే మీరు రెండోసారి ఆమెన్ చెబుతారా?"

"చెబుతాం మేడం. చిన్నబిడ్డ కదా."

"అదే ఓసీడీకి మేత. ఇకమీదట ఒక్కసారే. మెల్లమెల్లగా మానిపిద్దాం, థెరపీ అంటే అదే. టాబ్లెట్ కూడా రాస్తాను, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడి ఆపకండి."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "బిడ్డ దేవునితో మాట్లాడతాంటే ఆమెన్ అనొద్దా? ఏం డాక్టరురా అది! నా నోరు పడిపోదా?" మేం పట్టుబట్టి రెండో ఆమెన్ అనకుంటే, పాప వంటింట్లోకి పోయేది. అక్కడ మా అమ్మ గుట్టుగా ఆమెన్ చెప్పేది. ఎవరిని కోప్పడాలి? ఇద్దరిదీ ప్రేమే.

అయినా మందు పట్టి, థెరపీ సాగి, పాప కాస్త తేరుకుంది. భోజనం దగ్గర ఒక్క ప్రార్థనతో సరిపెట్టుకోవడం నేర్చింది. సరిగ్గా అప్పుడే ముద్దనూరు దాటాక మా బస్సు టైరు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, చెప్పే దిక్కులేక, బాగా చీకటిపడ్డాక ఇల్లు చేరాను. కెజియా గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను పొద్దున ఒక్కసారే చేసినా. అందుకే పగిలింది," అంది.

మర్నాటి నుంచి అంతా మొదటికొచ్చింది, కాదు, ఇంకా ముదిరింది. నా చెయ్యి వదలదు. అన్నం తినదు. ఈసారి ప్రొద్దుటూరు పోతుంటే మా అమ్మ కూడా చీర మార్చుకుని బయల్దేరింది, డాక్టర్‌ను కడిగేద్దామని.

"ప్రార్థన మానిపించమంటాండారా మేడం?" అని కూర్చోకముందే అడిగింది.

"లేదవ్వా. ప్రార్థన చేశాక మీకెలా ఉంటుంది?"

"నెమ్మదిగా ఉంటాది."

"మీ మనవరాలికి?"

మా అమ్మ పాప మొహం చూసింది. శానాసేపు చూసింది. కళ్లకింద నలుపు, కొరుక్కుని పుండ్లయిన పెదాలు. బిడ్డను దగ్గరికి తీసుకుని కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత మా ఇంట్లో అందరికన్నా గట్టి మనిషి ఆమే అయింది. పాప రెండో ఆమెన్ అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. కళ్ల నీళ్లు కారుతుండేవి, నోరు మాత్రం తెరిచేది కాదు. పాప ఏడ్చి, అరిచి, అలిసి, చివరికి తనంతట తానే చల్లబడేది. "చూసినావా, దానంతట అదే పోయింది," అని జేజి తల నిమిరేది.

నా వంతు అన్నిటికన్నా కష్టమైంది. "బస్సు బోల్తా పడదని మాట ఇవ్వకండి. 'తెలియదు' అనండి," అంది మేడం. జీవితమంతా అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పినవాణ్ణి.

"నాయనా, ఈ పొద్దు బస్సు పడదు కదా?"

"తెలీదు మా."

"పడితే?"

"తెలీదు. పోయొస్తా."

వెనక్కి తిరిగి చూడకుండా వీధి మలుపు దాటాను. ఆ రోజు ఒకావిడ పులివెందుల పోతాదా అని అడిగితే 'తెలీదు మా' అనబోయి నాలుక కరుచుకున్నాను. థెరపీ చివర్లో ఒక సెలవురోజు కెజియా నాతోపాటు బస్సెక్కింది. ప్రార్థన చేయకుండా పులివెందులదాకా రావడం ఆమె పని. కిటికీ కడ్డీ గట్టిగా పట్టుకుని వచ్చింది. దిగాక "ఇంకా భయంగానే ఉండాది, కానీ ఆకలైతాంది," అంది. దోసె తినిపించాను.

ఇప్పుడు ఎనిమిదో తరగతి. మేడం టాబ్లెట్ తగ్గిస్తూ వస్తోంది. పరీక్షల ముందు పాత భయం తొంగిచూస్తుంది, దాన్ని గుర్తుపట్టడం తనకు తెలుసు. భోజనం ముందు ప్రార్థన ఇప్పటికీ తనదే. మొన్న రెండు మాటల్లో ముగించి ముద్ద నోట్లో పెట్టుకుంటే మా అమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది.

"అప్పుడే అయిపాయనా?"

"దేవునికేమన్నా చెవుడా జేజీ? ఒకసారి చెప్తే చాల్లే."

ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు బిడ్డ మాట కాదనలేని మనిషి ఇంట్లో ఎవరో ఉంటారు, వాళ్లను మొదటిరోజే వెంట తీసుకుపోండి. మేం ఆ పని ఆలస్యంగా చేశాం.

పొద్దున నేను సంచి తగిలించుకునేసరికి కెజియా లోపల జడ వేసుకుంటూ ఉంటుంది. "పోయిరా నాయనా," అని అక్కడి నుంచే అరుస్తుంది. బయటికి రాదు. గేటు దగ్గర ఇప్పుడు కాసేపు నిలబడేది నేనే.