శుక్రవారం పళ్లెం

అల్ ఖౌద్‌లో నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నేల మీద కూర్చుని తినేవాళ్లు. మగవాళ్లు నమాజు నుంచి రాగానే, మాంసం వేసి వండిన అన్నం పళ్లెంలో కుప్పపోసి హాల్లో పెట్టేదాన్ని. మేడం అత్తగారు, ఆ ఇంటి పెద్దావిడ, మంచి ముక్కలు తుంచి మనవళ్ల వైపు తోసేది. వాళ్లు లేచాక వంటింట్లో నేను తిని, కడపలో మా ఇంటికి ఫోన్ చేసుకునేదాన్ని. వారం మొత్తంలో ఆ కాస్త సేపే నాది.

ఇప్పుడు పళ్లెం దగ్గరికి ఎవరూ రారు. ఒకరికి బర్గర్, ఒకరికి పిజ్జా, మేడంకి ఏవో ఆకులూ అలములూ. ఫోన్‌లో నొక్కితే బండి మీద వస్తాయి. తలుపు తీయడానికి నేనున్నాను కదా! డబ్బాలు అందుకుని ఎవరి గదిలోకి వాళ్లు పోతారు. నాకు ఒళ్లు మండిపోయేది. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడింది ఎవరి కోసం?

పెద్దావిడ కోసం. ఆవిడ బయటి తిండి ముట్టదు. అలాగని పళ్లెం ముందు ఒక్కతే కూర్చుని తినడమూ ఆవిడకు చేతకాదు. ఒక శుక్రవారం చేతులు కడుక్కుని చాలాసేపు ఎదురుచూసింది. అన్నం చల్లారింది. నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది. పనిమనిషిని, వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టడమా అని భయపడ్డాను. ఆవిడ ఒక ముక్క తుంచి నా వైపు తోసింది.

మొదట్లో గొప్పగానే అనిపించింది. మా ఆయనకు చెబితే "రాణివైపోయినావే!" అని నవ్వాడు. రాణి కాదు, బందీ. నేను లేస్తే ఆవిడా చెయ్యి తీసేస్తుంది. వంటింట్లో నా ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. శుక్రవారం అలవాటు కాస్తా రోజూ అయింది.

నా అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది. ఊరికి పంపమంటే మేడం రంజాన్ అయ్యాక అంది, తర్వాత పిల్లల పరీక్షలయ్యాక అంది. గట్టిగా అడిగితే అసలు మాట బయటపెట్టింది.

"నువ్వు పోతే మా అత్త ఎవరితో తింటుంది?"

మీ అత్తతో మీరు కూర్చోండి అని నోటిదాకా వచ్చింది. పాస్‌పోర్ట్ వాళ్ల బీరువాలో ఉంది, ఆ మాట మింగేశాను. ఆ పూట బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నేనేం మేడలు అడిగాను? ఇంటికి పోవాలి. సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, నా కూతురి ఎదురుగా కూర్చుని తినిపించాలి. నేను వచ్చేటప్పుడు అది బడిపిల్ల. ఇప్పుడు కాలేజీకి పోతోంది.

పోయిన వారం వేరే మనిషి దొరికిందని మేడం చెప్పింది. ఏ రోజుకు టికెట్ తీయాలో రేపు చెప్పమంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"పాపా, నేను వొచ్చాండా. ఏం తింటావో చెప్పు, రాంగానే చేసి పెడతా."

"ఎందుకుమా నీకు శ్రమ? మన సందు మొగదల్లోనే కర్రీ పాయింట్ పెట్టినారు. పప్పు, సాంబారు, చికెను, అన్నీ ఉంటాయి. నాయన వొచ్చా వొచ్చా తెచ్చాడు."

"అన్నమన్నా వండుకుంటాండారా?"

"అదీ ఆడ్నేమా. పొయ్యీ గ్యాసూ చిన్నమ్మకు ఇచ్చేసినాం. పొయ్యి ఉండే కాడ నేను టేబులేసుకున్నా. సదువుకునేదానికి బాగుండాది."

దాని గొంతులో ఏ కల్మషమూ లేదు. సంబరంగా ఫోన్ తిప్పి చూపించింది. నా పొయ్యి ఉండే మూల టేబులు, దాని మీద పుస్తకాలు, పక్కన చిన్న ఫ్యాను. పోపు మసి పట్టిన గోడకు సున్నం కూడా కొట్టించారు.

"బాగుంది పాపా" అన్నాను.

మర్నాడు మేడం టికెట్ సంగతి అడిగింది. కొత్తామె రానివ్వండి, పెద్దావిడతో కూర్చుని తినడం అలవాటు చేసి పోతాను అన్నాను.

"ఎన్నాళ్లు పడుతుంది?"

తెలీదన్నాను. ఇన్నాళ్లూ వీళ్లే నన్ను కట్టేశారని తిట్టుకున్నాను. ఇప్పుడు తలుపు తీశారు, నాకే అడుగు పడటం లేదు. పోయి నేను నిలబడాల్సిన చోట నా కూతురు చదువుకుంటోంది.