తెర పక్కనుంచి మా అత్త పాడిన పద్యం

మొన్న ఏర్పేడు దగ్గర మా మనవరాలు చదివే కాలేజీలో పిల్లలు పాటలతో నాటకం వేస్తున్నారంటే తిరుపతి నుంచి పనిగట్టుకుని వెళ్ళాను. గిటార్లు, డ్రమ్ములు, మాట మధ్యలోనే పాటలోకి దూకే పాత్రలు, గెంతుతూ పాడినా రొప్పు రాని ఆడపిల్లలు! నేను కుర్చీ అంచుకు జరిగిపోయి, చివరికి ఈల వెయ్యడం ఒక్కటే తక్కువ. "అవ్వా, నీకు ఇట్లాంటివి గూడా నచ్చుతాయా?" అని మనవరాలు నోరు తెరిచింది. నా వయసు వాళ్ళకైతే చెప్పనక్కర్లేదు. పాడే నాటకమంటే మనకు అప్పట్లో ఉన్న పిచ్చి అటువంటిది.

చిత్తూరులో మా నాయన గుడి ఆఫీసులో ఉద్యోగి. నామం పెట్టుకోకుండా గడప దాటని మనిషే అయినా, పద్యనాటకం వచ్చిందంటే చంకన చాప పెట్టుకుని నన్ను ముందు వరసకు తీసుకుపోయేవారు. నాకు కథతో పనిలేదు. కిరీటం సర్దుకుంటూ రాజు హార్మోనియం వైపు ఓరగా చూసి పద్యం చివర రాగం లాగుతుంటే, ఆయన ఆపేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. మా వీధిలోనే కాపురమున్న మేనత్తకు మాత్రం ఆ భాగ్యం లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు నాటకాలకు పోకూడదని, పాడితే దేవుడి పాటల వరకేనని నాయన శాసనం. ఆమె మిద్దె మీద నిలబడి గాలిలో వచ్చే మైకు పాట వినేది. మర్నాడు మా ఇంట్లో పిండి రుబ్బుతూ రాజు పద్యం రాగంతో సహా ఎత్తుకునేది. నాయన చెప్పుల చప్పుడు వినబడితే అదే ఊపులో దేవుడి పాటలోకి జారిపోయేది!

కాలేజీకొచ్చాక నా రుచి మారింది. సినిమా పాటలకూ డాన్సులకూ పడిపోయి, పద్యమంటే పాత చింతకాయ పచ్చడని వెక్కిరించేదాన్ని. పాకాలలో టీచరుగా చేరాక బడి వార్షికోత్సవానికి పాటల నాటకం రాయమంటే అన్నీ సినిమా వరసలే కట్టి, తెలుగు పంతులుగారి పోరు పడలేక రాణి పాత్రకు ఒక్క పద్యం పెట్టాను.

తీరా ఆ రోజు రాణి వేషం పిల్లకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. నాటకం చూడ్డానికి నాయనతో రైల్లో వచ్చిన అత్త, నేను తెర వెనక ఏడుపు మొహంతో నిలబడి ఉండటం చూసి దగ్గరికి వచ్చింది.

"ఎందుకు పాపా దిగులు? నువ్వు సెలవుకు ఇంటికొచ్చి పాడుకుంటా ఉంటే ఆ పద్యం నాకు ఎప్పుడో వచ్చేసినాది. ఆ బిడ్డను ఉత్తగా నోరు కదిలించమను. నేను ఈడ తెర పక్కనుంచి పాడతాను, మీ నాయనకు కనబడను గదా!"

పాడింది. చివర రాగం ఎత్తుకునేసరికి హార్మోనియం ఆమె వెంట పరుగెత్తింది. రాణి నోరు కదిలించడం మరచిపోయి అత్త వైపు తిరిగి చూస్తూ నిలబడిపోయింది. జనం చప్పట్ల మధ్య ముందు వరసలో నాయన లేచి నిలబడ్డారు. అయిపోయింది, అనుకున్నాను.

"ఆ గొంతు మా చెల్లెలిదప్పా!" అని ఆయన పక్కవాళ్ళతో అని, వేదిక వైపు తిరిగి గట్టిగా అరిచారు: "ఇంగొకసారి పాడుమ్మా! ఇట్లా ముందుకొచ్చి పాడు!"

రాణి పక్కకు జరిగి చోటిచ్చింది. మామూలు నేత చీరలోనే అత్త దీపాల వెలుగులోకి వచ్చి, మొదటిసారికన్నా ఎక్కువ సేపు రాగం లాగింది. నేను ఒళ్ళు మరిచి గెంతాను. ఆ సాయంత్రంతో పాత రుచి, కొత్త రుచి అన్న తగువు నాలో తీరిపోయింది. తిరుగు రైల్లో నాయనే ఒక్కొక్క పద్యం పేరు చెప్పి పాడించుకున్నారు.

ఇప్పుడు నాయనా లేరు, అత్తా లేదు, చాపలు పరుచుకుని పద్యాలు వినేవాళ్ళూ లేరు. ఈనాటి ఆడపిల్లలు పాడాలనుకుంటే పాడేస్తున్నారు. తల్లిదండ్రులే ఫోన్లు పైకెత్తి పట్టుకుని మురిసిపోతున్నారు. చూస్తే ఎంత సంబరమో! మా అత్త గొంతు నలుగురి చెవినా పడటానికి మాత్రం, ఆ రోజుల్లో, ఎవరో పిల్లకు జలుబు చెయ్యాల్సి వచ్చింది.