కరుణమ్మత్త ఎర్ర సబ్బు

మొన్న కడపలో ఒక సభకు వెళ్లాను. మూఢనమ్మకాల మీద మాట్లాడమని పిలిచారు. వేదిక ఎక్కే ముందు చేతులు కడుక్కుందామని వెనకవైపు కొళాయి దగ్గరికి పోతే, గట్టు మీద అరిగిపోయిన ఎర్ర సబ్బు ముక్క ఒకటి ఉంది. ఆసుపత్రి వరండా వాసన. ఆ వాసన తగలగానే నా వీపు దానంతటదే నిటారయింది. పక్కనే కరుణమ్మత్త నిలబడి, "మోచేతుల దాకా రుద్దప్పా, పిల్లి మాదిరి తడుపుకుంటాండావేంది!" అంటున్నట్టే ఉంది. మోచేతుల దాకా రుద్దుకునే వేదికెక్కాను.

ఆమె మాకు రక్తసంబంధీకురాలు కాదు. మా నాన్న అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరై, బేతంచెర్ల దగ్గర మా ఊళ్లో స్థిరపడింది. మా పేటలో అందరూ క్రైస్తవులు, సగంమంది నాపరాళ్ల గనుల్లో కూలీలు. ఆదివారం పొద్దున పిల్లలందర్నీ నీళ్ల బండ మీద నిలబెట్టి, ఆ ఎర్ర సబ్బుతో చేతులూ కాళ్లూ తోమి, "ఆరాధన గుళ్లో కాదప్పా, ఈ బండ మీద మొదలవుతాది" అనేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు చంటిబిడ్డతో వచ్చిన ఏ ఇంటి కోడలినైనా గుమ్మం దగ్గరే ఆపి, సంగటి ముద్ద చేతిలో పెట్టేది. "పాలిచ్చే తల్లికి ఉపాసమేందే? కడుపు మాడ్చుకోమని దేవుడు చెప్పినాడా, మీ అత్త చెప్పిందా?" ఆ కోడలి అత్తగారు కూడా అక్కడే కూర్చుని ఉండేది. కరుణమ్మత్త గొంతు ఏమాత్రం తగ్గేది కాదు.

నేను కడపలో డిగ్రీ చదివే రోజుల్లో మా నాన్న యేసన్నకు క్షయ పట్టింది. ఆసుపత్రివాళ్లు మాత్రలిచ్చారు. నెలల తరబడి మానకుండా మింగాలన్నారు. కొన్ని వారాలు మింగేసరికి దగ్గు తగ్గింది. సరిగ్గా అప్పుడే డోన్ బయట ఎవరో ప్రసంగీకుడు స్వస్థత సభ పెట్టాడు. మాత్రలు తగ్గించిన దగ్గును ఆ పెద్దమనిషి తన ఖాతాలో వేసుకున్నాడు. సభకు పోయిన నాన్నను వేదిక మీదికి పిలిచి చేతికి మైకిచ్చాడు. "నాకు బాగైంది" అని నాన్న వేలమంది ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ రోజునుంచి మాత్రలు ముట్టలేదు. నెల తిరిగేసరికి తువ్వాలులో నెత్తురు పడింది. అమ్మ కబురు పెడితే బస్సెక్కి వచ్చాను.

కాలేజీ వాదపోటీల్లో నేర్చుకున్నదంతా ఆయన మంచం ముందు కుమ్మరించాను. సూక్ష్మక్రిమి, ఊపిరితిత్తి, మోసగాడి వ్యాపారం, ఏదీ వదల్లేదు. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదని ఇవాళ్టికీ అంటాను. రోగిచేత మందు మాన్పించే నోరు ఏ దేవుడి పేరు పలికినా అది హంతకుడి నోరే. కాని నాన్న అంతా విని, గోడవైపు తిరిగి ఒకే మాట అన్నాడు: "ఇప్పుడు మాత్ర మింగితే, దేవుని ముందర అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టే గదప్పా." ఆయన మూర్ఖుడు కాడు. మాట తప్పడంకన్నా చావు నయమనుకునే మనిషి. ఆ నిజాయితీనే ఆ సభ ఆయన మెడకు ఉరితాడు చేసింది.

సాయంత్రం కరుణమ్మత్త వచ్చింది. మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"యేసన్నా, నీ ఒళ్లు ఎవరిదప్పా?"

"దేవునిదక్కా."

"పోయిన క్రిస్మస్‌కు గుడికి సున్నం కొట్టింది ఎవరు?"

"నేనే."

"ఎందుకూ? ప్రార్థన చేసి ఊరకుండాల్సింది. గోడలు వాటంతటవే తెల్లబడేవి గదా!"

నాన్నకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే దగ్గు తెర. అది తగ్గేదాకా వీపు నిమిరి, ఆమె అంది: "రాళ్ల గుడికి సున్నం కొడ్తావు. దేవుడు నీకిచ్చిన ఈ గుడిని చెదలు తింటావుంటే మందెయ్యనంటావు. ఇదేం భక్తి?"

"మరి మైకులో చెప్పినానే అక్కా?"

"మైకులో చెప్పింది మైకులోనే సరిజెయ్యి. ఆదివారం గుళ్లో నిలబడు. నీ పక్కన నేనుంటా."

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ నాన్న గోడ పట్టుకుని లేచాడు. జేబులోంచి మాత్రలు తీయగానే సంఘపెద్ద ఒకాయన, "దేవుని సన్నిధిలో మాత్రలేందప్పా?" అని కసిరాడు. కరుణమ్మత్త తిరిగి చూసింది. "పెద్దయ్యా, ముందు నీ కండ్లద్దాలు తీసి పక్కన పెట్టు. ఆనక వాక్యం చదువు, విందాం." ఆడవాళ్ల వైపునుంచి నవ్వులు లేచాయి. నాన్న మైకు దగ్గరికి జరిగాడు. "ఆ పొద్దు తొందరపడి చెప్పినా. నాకింకా జబ్బుండాది. ఈ ఒళ్లు దేవునిది. పాడుచేసే హక్కు నాకు లేదు. ఆయన ముందరే మింగుతాండా." పాస్టరయ్యగారు స్వయంగా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చారు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ, "నాయినా, నేను గూడా బీపీ మాత్ర మానేసినా. ఆ నీళ్లు నాకూ రవ్వన్ని పోయండి" అంది. దేవుణ్ణి నమ్మని నేను ఆ గుళ్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

బయటికొచ్చాక ఆమె నన్ను పట్టుకుంది. "ఏమప్పా హేతువాదీ, దేవుడు లేడంటావు. సరే, నీ ఇష్టం. ఒళ్లుండాదా లేదా? సిగరెట్లు తాగి తాగి చేతివేళ్లు పసుప్పచ్చ చేసుకున్నావే, దానికి ఎవరికి జవాబు చెప్తావు?" వాదపోటీల్లో ఎన్నో కప్పులు గెలిచిన నేను, జేబులోని పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాను. మళ్లీ ముట్టలేదు.

నాన్న చివరి మాత్ర దాకా మింగాడు. మరుసటి క్రిస్మస్‌కు నిచ్చెన వేసుకుని, ఆ గుడికి ఆయనే సున్నం కొట్టాడు. కింద నిలబడి కరుణమ్మత్త ఒకటే అరుపులు: "మూతికి గుడ్డ కట్టుకోప్పా! మళ్లా దుమ్ము మింగుతావా?" ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ ఊళ్లో సాక్ష్యం చెప్పేవాళ్లు ఇప్పటికీ మొదట ఏ మందు వాడుతున్నారో చెప్పి, ఆ తర్వాతే దేవుణ్ణి స్తుతిస్తారు.

మొన్న కడప సభలో దేవుడు లేడని గంటసేపు మాట్లాడాను. ప్రశ్నల వేళ ముందు వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. "ఏమప్పా, దేవుడు లేకుంటే నేను బతికి నీతో కొట్లాడతాంటినా?" అని హాలు చివరిదాకా వినిపించేలా అడిగాడు. సభంతా గొల్లుమంది. మా నాన్న. ఎక్కడా దగ్గులేదు, ఆయాసం లేదు. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబుంది, చెప్పాను కూడా. ఆయన ఒప్పుకోలేదు. ఆ నిండు ఊపిరితో ఆయన నాతో ఇంకా ఎన్నేళ్లయినా వాదించనీ. ఎర్ర సబ్బు వాసన వేసే చేతులు జోడించి, మైకు ముందు నిలబడి వింటూనే ఉంటాను.